పలకల కింది చెమ్మ

కోలారు బంగారు గనుల పక్కన కోరమండల్లో గుమస్తాల లైను అని ఒక ఇళ్ళ వరస ఉంది. ఇప్పుడు అందులో గుమస్తాలూ లేరు, వాళ్ళకు జీతమిచ్చిన గనీ లేదు. పేరొక్కటే మిగిలింది. ఆ లైనులో చివరి ఇల్లు తిమ్మరాయప్పది. దొరల కాలపు ఇల్లు గనక ముందు హాలుకు పలకల నేల వేశారు. రాతి దిమ్మెల మీద దూలాలు, దూలాల మీద టేకు పలకలు, పలకలకూ మట్టికీ మధ్య మనిషి పాక్కుంటూ పోయేంత బోలు. కాళ్ళకు చల్లదనం తగలకూడదని దొరలు అలా కట్టుకున్నారట. దొరలు పోయారు, ఆ తరవాత కంపెనీ పోయింది, చల్లదనం మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా ఇప్పుడు చెమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది.

పొద్దున్నే హాల్లో కాలు పెడితే తడి గోనె మీద పెట్టినట్టుండేది. పరిచిన ప్లాస్టిక్ చాప ఎత్తితే అడుగున నల్లటి బూజు. గోడ వారగా పెట్టిన రాగుల మూటకు కిందంతా మొలకలొచ్చాయి. ఇంటి వాసనే మారిపోయింది. వానకు తడిసిన కుక్క ఏ మూలో దాక్కున్నట్టు ఒక కంపు. ఎన్ని ఊదొత్తులు వెలిగించినా లొంగేది కాదు.

వేరే ఇంట్లో అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళు. ఇక్కడ సర్దుకోడానికి లేదు, ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఆ హాలే. కోలారు దగ్గరి నరసాపురంలో స్కూటర్ బండ్ల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు పొద్దున కంపెనీ బస్సెక్కే ముందు బిడ్డల్ని తెచ్చి తిమ్మరాయప్ప పెళ్ళాం హనుమక్క దగ్గర వదిలిపోతారు. పాకేవాళ్ళు, పడుకునేవాళ్ళు, అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడేవాళ్ళు. హనుమక్క వాళ్ళకు రాగిజావ పట్టి, గుడ్డలు మార్చి, ఉయ్యాల ఊపి, సాయంత్రం బస్సు దిగిన తల్లుల చేతుల్లో పెడుతుంది. గని మూసిన తరవాత ఆ ఇంట్లోకి నికరంగా వచ్చిన సంపాదన అదొక్కటే.

తిమ్మరాయప్ప గనిలో పంపు డ్రైవరుగా చేశాడు. ఎండ ఎరగని లోతులో, రాళ్ళ సందుల్లోంచి ఊరే నీళ్ళను పైకి తోసే పంపుల దగ్గర అతని వయసంతా గడిచిపోయింది. బంగారం తవ్వేవాళ్ళకున్న పేరు పంపువాళ్ళకు ఉండేది కాదు. అయినా పంపు ఆగితే గని మునుగుతుందని అందరికీ తెలుసు. చివరికి జరిగిందీ అదే. పంపులు కట్టేయమని పైనుంచి ఫోనొచ్చింది, కట్టేశాడు. దాని వెనక ఎన్ని సంతకాలున్నాయో, ఎవరెవరు ఏం తిన్నారో అతనికి తెలియదు. స్విచ్ మీద చెయ్యి మాత్రం అతనిది. ఆ తరవాత నీళ్ళు గనిలో ఒక్కో అంతస్తూ, ఒక్కో లెవెలూ మింగుతూ పైకొస్తున్నాయని అందరూ చెప్పుకుంటుంటే విన్నాడు.

కాబట్టి ఇంటికి చెమ్మ పట్టినప్పుడు అతనికి ఆశ్చర్యమేమీ కలగలేదు.

"గని నీళ్ళు పైకెక్కతా ఉండాయి. నేను అప్పుడే చెప్పినాను. పంపులు ఆపినారు కదా, ఇంగ అనుభవించండి," అన్నాడు.

లైన్లో ఎవరితో మాట్లాడినా అదే మాట. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో బాధ ఉండేది గానీ దాని వెనకే ఒక గర్వం కూడా తొంగిచూసేది. తనను వదిలించుకున్న గొప్ప చుట్టం ఒకడు వెతుక్కుంటూ మళ్ళీ గుమ్మం దాకా వస్తున్నట్టు.

హాలు మూలన రెండు పలకలు ఎత్తితే కిందికి దిగొచ్చు. దిగే చోటే అతనొక గుంత తవ్వాడు. గనిలో నీళ్ళన్నీ ఒకచోటికి చేర్చడానికి సంపు తవ్వేవాళ్ళు, అలాంటిదన్నమాట. సాయంత్రమయ్యేసరికి అందులో మోకాటి లోతు నీళ్ళు చేరేవి. గుజిరీ అంగట్లో పాత సామాన్ల మధ్య దొరికిన చిన్న మోటారుతో వాటిని రోడ్డు పక్క కాలవలోకి ఎత్తిపోసేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి "ఏం తిమ్మరాయప్పా, సెకండ్ షిఫ్టా?" అనేవాళ్ళు. "ఎవురో ఒకరు చెయ్యాల కదప్పా," అనేవాడు ముఖం పక్కకు తిప్పుకోకుండానే.

మోటారు ఎంత తిరిగినా హాలు మాత్రం ఆరలేదు.

ఆ కార్తీకంలో వత్సల కొడుకు ప్రణవ్‌కు దగ్గు పట్టుకుంది. వత్సల ఫ్యాక్టరీలో బండ్లు తయారయ్యాక సరిచూసే సెక్షన్లో చేస్తుంది. హనుమక్క దగ్గర మొట్టమొదట బిడ్డను వదిలింది ఆమే. మిగతా తల్లుల్ని బస్సులో ఒప్పించి తీసుకొచ్చిందీ ఆమే. ఒక సాయంత్రం బిడ్డను భుజాన వేసుకుని కూడా వాకిట్లోనే నిలబడిపోయింది.

"అక్కా, ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు."

"చెప్పమ్మా."

"ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, బిడ్డ పగలంతా యాడ ఉంటాడని. చెప్పినాను. చెమ్మింట్లో పెట్టుకోని ఎన్ని మందులు పోసినా ఈ దగ్గు పోదనింది."

హనుమక్క చేతిలో మడత పెడుతున్న గుడ్డ అలాగే ఉండిపోయింది.

"వచ్చే వారం మా ఫ్యాక్టరీ మూస్తారు, మిషన్లు రిపేరు చేసుకునేదానికి. మాకంతా రజా. మళ్ళీ తెరిచేలోపల హాలు ఆరితే సరి. లేదంటే రాబర్ట్‌సన్‌పేటలో ఇంకొకామె ఉండాది, ఆడ వదల్తాను. నేను పోతే మిగతావాళ్ళు అడుగుతారు, ఏమిటికి పోయినావని. నేనేం చెప్పేది? అబద్ధం చెప్పలేను కదక్కా."

మోటారు పక్కన కూర్చున్న తిమ్మరాయప్ప కలగజేసుకున్నాడు. "గని నీళ్ళమ్మా అవి. వారంలో ఆరేటివి కావు. గవర్నమెంటు మళ్ళీ పంపులు పెడితేనే."

"గవర్నమెంటు పంపు పెట్టేలోపల నా కొడుక్కి పెండ్లయిపోతుందన్నా," అని వత్సల నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. తగ్గేది కూడా లేదు. బిడ్డ నెత్తిన కొంగు కప్పి వెళ్ళిపోయింది.

హనుమక్క తమ్ముడికి ఫోన్ చేసి రమ్మంది.

తమ్ముడు మునియప్పది నంగలి దగ్గర పల్లె. పట్టుపురుగులు మేపుతాడు, నాలుగు పాడి ఆవులున్నాయి. మర్నాడే మోపెడ్ మీద సున్నం మూటతో దిగాడు.

"మా పురుగులింట్లో చెమ్మ చేరితే సున్నం చల్లుతాము బావా. తెల్లారేసరికి అంతా గుంజేస్తుంది."

"మీ పురుగులు గని నెత్తిన ఉండాయా?"

"నంగలి దగ్గర ఉండాయి. నీకంటే సుఖంగానే ఉండాయి."

సున్నం కింద చల్లారు. ఒకటి రెండు రోజులు హాల్లో కంపు తగ్గినట్టే అనిపించింది. ఆ తరవాత సున్నమంతా సంగటి ముద్దలా గట్టిపడి, దాని మీద కూడా నీటి చుక్కలు తేలాయి. తిమ్మరాయప్ప బావమరిదిని మళ్ళీ పిలిపించి మరీ దాన్ని చూపించాడు. "పురుగుల వైద్యం గనికి పనిచెయ్యదప్పా," అన్నాడు తృప్తిగా.

మునియప్ప బయటికి పోయి ఇంటి చుట్టూ తిరిగాడు. పునాది రాళ్ళ మధ్య అక్కడక్కడా బడిపిల్లల రాత పలకంత సిమెంటు అతుకులు కనిపించాయి.

"ఇవేంది బావా?"

"ముందు ఇనప జాలీలు ఉండినాయి ఆడ. మూసినాము."

"ఏమిటికి?"

"దుమ్ము రాకుండా."

ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఇంకే వివరమూ అక్కర్లేదు. లైను వెనక సైనైడ్ దిబ్బలున్నాయి. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేసిన తరవాత పారబోసిన బూడిద రంగు ఇసుక, గుట్టలు గుట్టలు. ఆషాఢం గాలి లేచిందంటే ఆ ఇసుక కుండలోనూ కంట్లోనూ కూటిలోనూ పడుతుంది. అందుకని ఇక్కడివాళ్ళకు ఎక్కడ సందు కనబడినా మూయడమే అలవాటు. కిటికీ రెక్కల మధ్య పాత చీరలు కుక్కుతారు, తలుపు కింద గోనెలు పరుస్తారు. గని మూసిన మరుసటి ఏడాది దిబ్బల్ని అడిగే దిక్కు కూడా లేకపోయేసరికి లైనంతా ఒక్కటై మేస్త్రీని పిలిపించి పలకల కింది జాలీలన్నీ సిమెంటుతో పూడ్పించేసింది. ఆ పూట అందరూ కలిసి టీ తాగారు, మంచి పని చేశామనుకున్నారు.

"ఇంగేముంది, గాలి లేకుంటే చెమ్మే," అన్నాడు మునియప్ప. "మా పురుగులింటికి కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ పెడతాము. ఇవన్నీ కొట్టేయి బావా."

"కొట్టేస్తే వచ్చే దుమ్ము మీ అబ్బ వచ్చి ఊడుస్తాడా?"

"మా అబ్బ పోయి చాన్నాళ్ళయింది. నువ్వే ఊడుచుకో."

"ఏరా, గాలి గుంత నింపుతుందా? మోకాటి లోతు నీళ్ళు రోజూ ఎత్తిపోస్తా ఉండాను. ఆ నీళ్ళు యాడివి? చెప్పు!"

దానికి మునియప్ప గుంత వైపు చూశాడు, తల గోక్కున్నాడు. "నాకు పురుగులు గూడు కట్టేకి ఎక్కినాయి, పనుండాది," అన్నాడు. ఫ్యాక్టరీ మూసిన వారం మొదలైంది, బిడ్డలు రారు గనక హనుమక్క కూడా గూళ్ళు ఏరడంలో సాయానికని తమ్ముడి వెంట మోపెడెక్కింది. ఎక్కుతూ మొగుడి వైపు ఒకసారి చూసింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఇల్లు ఖాళీ అయింది. ఉయ్యాలలు గోడ కొక్కేలకు చుట్టి పెట్టి ఉన్నాయి. తిమ్మరాయప్ప పొద్దంతా వాకిట్లో కూర్చుని, సాయంత్రం అలవాటు ప్రకారం లేచి పలకలెత్తి చూశాడు. గుంతలో నీళ్ళు లేవు.

అడుగున కాస్త బురద, అంతే. పైపు ఊడిందేమో చూశాడు, ఊడలేదు. మర్నాడు చూశాడు. బురద ఇంకాస్త గట్టిపడింది. ఆ మర్నాడు గుంత అంచున సన్నటి బీటలు కూడా వచ్చాయి.

అతను గుంత పక్కనే కూర్చుండిపోయాడు.

గనిలో ఉన్నన్నాళ్ళూ అతను కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పిన మాట ఒకటుంది: నీళ్ళకు రజా ఉండదు. దసరాకు గని ఆగేది, క్రిస్మస్‌కు ఆగేది, సమ్మెలకు ఆగేది. పంపువాళ్ళు మాత్రం దిగాల్సిందే. సమ్మె రోజు దిగుతుంటే సొంత యూనియన్‌వాళ్ళు కూడా "పో అన్నా, నువ్వు పో," అని దారి ఇచ్చేవాళ్ళు. పండగని చెప్పి ఊట ఒక పూటయినా ఆగిన గని ఎక్కడా లేదు. మరి ఈ నీళ్ళేమిటి, నరసాపురం ఫ్యాక్టరీతో పాటు సరిగ్గా అదే వారం రజా పెట్టాయి?

గని నీళ్ళు వెనక్కి తగ్గాయేమో అనుకుందామని చూశాడు. మనసు ఒప్పుకోలేదు. పంపు లేకుండా తగ్గే నీళ్ళు అతనికి తెలియవు. ఎదుటివాడెవడైనా ఆ మాట అని ఉంటే గేలి చేసి పంపేవాడు.

చివరికి టార్చి పట్టుకుని కిందికి దిగాడు. ఇన్నాళ్ళూ గుంత దగ్గర వంగి మోటారు పెట్టడమే తప్ప లోపలికి పోలేదు. గని మూసిన రోజు మనుషుల్ని దించి ఎక్కించే కేజ్‌లోంచి బయటికొచ్చి, మళ్ళీ నేల కిందికి పోయే పని పెట్టుకోనని అనుకున్నాడు. ఇప్పుడు సొంత ఇంటి కింద బోర్లా పడుకుని మోచేతులతో పాకుతున్నాడు.

పలకల అడుగు వైపు టార్చి వేస్తే మెరిసింది. పలక పొడుగునా నీటి చుక్కలు, రాలడానికి సిద్ధంగా. దూలాల మీద దూది అంటించినట్టు తెల్లటి బూజు. గనిలో పాత లెవెళ్ళలో గుంజలకు పట్టే బూజు ఇదే, వాసన కూడా అదే. గాలి ఆడని లెవెల్లో రాయికి కూడా చెమట పడుతుందని అక్కడ అందరికీ తెలుసు. చుట్టూ చూశాడు. పునాదిలో ఎక్కడా వెలుతురు చుక్క లేదు. లైనంతా కలిసి టీ తాగిన రోజే ఇంటికి ముక్కు మూసేశారు.

సరే, చెమట సంగతి తేలింది. గుంత నీళ్ళ మాటేమిటి? వెనక గోడ దాకా పాకాడు. ఆ గోడ రాళ్ళ మీద మాత్రం పై నుంచి కింద దాకా తుప్పు రంగు చార. దాని కిందనుంచి గుంత దాకా మట్టిలో వేలు వెడల్పున చిన్న జాడ. ఆ గోడకు అవతల ఏముందో అతనికి తెలుసు. హనుమక్క బట్టలుతికే బండ ఉంది.

బయటికొచ్చాడు. బావి కాడ బిందె నిండా నీళ్ళు తెచ్చి ఉతికే బండ మీద పోశాడు. నీళ్ళు బండ పక్కనున్న రాతి కాలవలో పడ్డాయి, ఎప్పటిలాగే పోయాయి. మళ్ళీ లోపలికి పాకి, చార మీద టార్చి పెట్టి కాచుకున్నాడు. కాసేపటికి రాళ్ళ మధ్య తడి మెరిసింది. ఒక చుక్క జారింది. దాని వెనక ఇంకొకటి. తరవాత నిదానంగా, తొందరేమీ లేనట్టు, నీళ్ళు గుంత దారి పట్టాయి.

రోజూ బిడ్డల గుడ్డలు. ఆదివారం బిడ్డలు రారు గానీ ఆ రోజే హనుమక్క ఉయ్యాల చీరలూ దుప్పట్లూ ఉతుకుతుంది. అందుకే ఆదివారం కూడా గుంత నిండేది, అందుకే ఇన్నాళ్ళూ అసలు సంగతి దొరకలేదు.

వెంటనే బయటికి రాలేదు. టార్చి ఆర్పి అలాగే పడుకున్నాడు. చీకటి, తడి మట్టి వాసన, వీపు మీద ఇంటి బరువు. గని నీళ్ళు ఎక్కడో కింద, వాటి లోతులో అవి ఉన్నాయి. పైకొస్తే రావచ్చు, రాకపోవచ్చు. గుమస్తాల లైనులో చివరి ఇల్లు తిమ్మరాయప్పదని వాటికి ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి స్విచ్ కట్టేసి కేజ్ ఎక్కిన సంగతి వాటికి పట్టలేదు. దగ్గాడు. ఆ కంపుకు దగ్గు ఆగలేదు, ఒకదాని వెనక ఒకటి వచ్చింది, పక్కటెముకలు నొప్పెట్టేదాకా. ఇదే గాలి పైన పలకల సందుల్లోంచి పాకే బిడ్డల ముక్కుల్లోకి పోతోందని అప్పుడు తోచింది. ఇంక అక్కడ పడుకోబుద్ధి కాలేదు.

మర్నాడు మునియప్ప అక్కను మోపెడ్ మీద దించాడు. తిమ్మరాయప్ప గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"అది గని నీళ్ళు కాదే."

"మరి?"

"నువ్వు గుడ్డలుతికిన నీళ్ళు."

హనుమక్కకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే ఇన్నేండ్లు నువ్వు మోటరు పెట్టి ఎత్తింది..."

"బిడ్డల ఉచ్చగుడ్డల నీళ్ళు. నవ్వుకో."

ఆమె నవ్వలేదు, మునియప్ప నవ్వాడు. మోపెడ్ సీటు మీద వాలిపోయి, తలపాగా జారిపోయేదాకా నవ్వాడు. "బావా, కోలారంతా చెప్తాను ఈ మాట!"

"చెప్పుకో. ముందు ఆ గడ్డపార తీ."

కాలవ రాళ్ళు పెళ్ళగించి చూస్తే అడుగున పొడుగ్గా చీలిక ఉంది. పాతది, అంచులు నల్లబడి ఉన్నాయి. తిమ్మరాయప్ప వంగి దాన్ని వేలితో తడిమాడు. "ఇది ఏర్ బ్లాస్ట్‌కి చీలింది. లోపల రాయి పగిలినప్పుడు ఇండ్లన్నీ అదిరేవి కదా, అప్పటిది. చూసినావా? గని చేసిన పనే ఇది."

"సరేలే, నీ గని గొప్పదేలే," అంది హనుమక్క. "గని చీల్చింది, నేను పోసినాను, నువ్వు ఎత్తినావు. ఇంగ పూడ్చు."

ఉతికే బండను ఇంటికి దూరంగా, పెరటి చివర జామచెట్టు పక్కకు దొర్లించారు. వాననీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా మట్టి ఎత్తుచేసి వాలు పెట్టారు. మునియప్ప ఆవుల మేత కప్పే నల్ల ప్లాస్టిక్ పట్ట తెచ్చాడు. పలకల కింద సున్నం ముద్దలన్నీ తోడేసి, మట్టి మీద ఆ పట్టను గోడ నుంచి గోడకు పరిచి, అంచులకు రాళ్ళు పెట్టారు. మట్టిలోని తడి మట్టిలోనే ఉండాలి, పలకలకు ఎక్కకూడదు. పుచ్చిన దూలం ఒకటి మార్చారు. గుంతను తిమ్మరాయప్ప తనే పూడ్చాడు, ఇంకెవరినీ పార పట్టనివ్వలేదు.

ఇంక సిమెంటు అతుకులు మిగిలాయి. మొదటి దెబ్బ పడగానే పక్కింటి పిల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. ముసలామె, ఆమె మొగుడు గని దుమ్ము ఊపిరితిత్తులకు పట్టి పోయాడు.

"తిమ్మరాయప్పా, మతి పోయిందా? ఆషాఢానికి దిబ్బంతా నీ ఇంట్లో ఉంటాది! మాకూ వస్తాది!"

"ఆషాఢం నాలుగు వారాలు పెద్దమ్మా. చెమ్మ ఏడాదంతా."

"దుమ్ము ఊపిరి తీస్తాది రా. నాకు తెల్దా?"

ఆ మాటకు అతను సుత్తి దించాడు. ఆమెకు తెలుసు, అందులో వాదన లేదు. జాలీ పెట్టి, దాని ముందు జానెడు దూరంలో తీసి పెట్టుకునేలా గోనె చట్రం బిగిస్తానన్నాడు. గాలి రోజుల్లో చట్రం, మిగతా రోజుల్లో జాలీ. దుమ్ము మొత్తం ఆగుతుందని మాత్రం అనలేదు. పిల్లమ్మ నమ్మినట్టు కనబడలేదు, వెళ్ళిపోనూ లేదు. అరుగు మీద కూర్చుని ప్రతి దెబ్బనూ లెక్కగట్టినట్టు చూసింది. చివరి అతుకు ఊడినప్పుడు లోపల్నించి చల్లటి గాలి ఒకటి తోసుకొచ్చి ఆమె ముఖాన కొట్టింది. "థూ! ఏం కంపు రా ఇది!" అంది ముక్కు మూసుకుని. "మా ఇంటి కింద కూడా ఇట్లే ఉండాదేమో చూడు."

పని అయిపోయింది గానీ హాలు ఆరలేదు. ఎన్నో ఏళ్ళుగా తాగిన నీళ్ళను చెక్క ఒక్క రోజులో కక్కదు. ప్లాస్టిక్ చాపలు తీసేసి, బూజు తుడిచి, తలుపులు బార్లా తెరిచి కూర్చున్నారు. హనుమక్క గంటకోసారి వంగి పలకను తాకడం, నిట్టూర్చడం. "ఆరినట్టే ఉండాది" అంటుంది, వెంటనే "లేదు" అంటుంది. తిమ్మరాయప్పకు విసుగొచ్చి సుద్దముక్క తెచ్చాడు. తడి ఎంతవరకు ఉందో చేత్తో తడిమి, దాని అంచు వెంబడి గీత గీశాడు. మర్నాడు తడి కొంచెం వెనక్కి తగ్గింది. ఇంకో గీత. ఇలా హాలు మధ్యనుంచి వెనక మూల వైపు గీత వెనక గీత పోసాగింది. గనిలో ప్రతి షిఫ్టుకూ నీటి మట్టం గోడ మీద గీసినవాడు గనక గీతలు తిన్నగా పడ్డాయి.

ఫ్యాక్టరీ తెరిచే పొద్దున గీతలింకా మూల దాకా పోలేదు.

బస్సుకు కాస్త ముందుగానే వత్సల వచ్చింది. ప్రణవ్ భుజం మీద ఉన్నాడు, తుడిచి తుడిచి వాడి ముక్కు ఎర్రబడి ఉంది. వెనకాల ఇంకో ఇద్దరు తల్లులు బిడ్డలతో వాకిట్లో ఆగారు, ఆమె ఏం చేస్తుందో చూద్దామని.

హనుమక్క ఎదురెళ్ళింది. "అంతా చేసినాము వత్సలా. కింద గాలి ఆడతా ఉండాది, నీళ్ళు రావు ఇంగ. చూడు, కంపు కూడా పోయింది."

వత్సల లోపలికొచ్చి గాలి పీల్చింది. కంపు పూర్తిగా పోలేదు, కానీ వేరే అయింది. ఎండలో వేసిన పాత పెట్టె వాసనలాగా. వంగి పలక మీద అరచెయ్యి పెట్టింది. "ఆరిపోయిందా అక్కా?"

"ఆరిపోయిం..."

"లేదమ్మా," అన్నాడు తిమ్మరాయప్ప.

హనుమక్క మొగుడి వైపు చూసిన చూపుకు పలకలన్నీ ఒక్కసారే ఆరిపోవాల్సింది.

"ఆ మూల ఇంగా తడే ఉండాది. ఇంకొన్నాళ్ళు పడుతుంది. ఇది చూడు." సుద్ద గీతలు చూపించాడు. "ఈ గీత పని అయిన రోజుది. ఇది మర్నాడు. ఇదిగో ఇది ఈ పొద్దు పొద్దున్నే గీసింది. గీతకు ఇవతల ఉంటే బిడ్డకేం కాదు. అవతలికి పోనీకుండా బెంచీ అడ్డం పెడతాను. రోజూ సాయంత్రం వచ్చి నువ్వే చేత్తో చూసుకో. తడి గీత దాటి ముందుకొచ్చిందంటే, ఆ రోజే తీసుకోని పో. నేనేమీ అనను."

వత్సల గీతల పక్కన నడుస్తూ ఒక్కొక్క చోట ఆగి తడిమింది. ఫ్యాక్టరీలో చేసే పని ఇదే ఆమెకు, ఎవరో బాగుందన్నదాన్ని తాకి చూడడం. చివరి గీత దగ్గర అవతలా ఇవతలా రెండుసార్లు అరచెయ్యి పెట్టింది. తడి వేళ్ళను చీరకు తుడుచుకుంది.

"ఇన్నేండ్లు గని గని అన్నావు కదన్నా. గని కాదా అయితే?"

వాకిట్లో తల్లులిద్దరూ చెవులు రిక్కించారు.

"కాదు. నాదే తప్పు లెక్క. నీళ్ళు మనింటివే."

రోడ్డు చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. వత్సల ఇంకా నిలబడే ఉంది. బిడ్డ నుదురు తాకి చూసింది, ఒకసారి మూల వైపు చూసింది. తరవాత హాలు ముందు భాగంలో, తలుపులోంచి ఎండ పడే చోట పాత దుప్పటి పరిచి వాణ్ణి కూర్చోబెట్టింది.

"మందు సంచీలో ఉండాది అక్కా. మధ్యాహ్నం తిన్నాక ఒకసారి. వీనికి దగ్గు పెరిగితే ఫోన్ చెయ్యి, మొహమాటపడొద్దు."

"చేస్తాను తల్లీ. నువ్వు పో, బస్సు పోతాది."

ఆమె వెనకే మిగతా ఇద్దరూ గబగబా బిడ్డల్ని దించి కొంగులు దోపుకుంటూ పరుగెత్తారు. హనుమక్క తలుపు దగ్గర నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. తరవాత, బెంచీ మోసుకొస్తున్న మొగుడి వైపు తిరిగింది.

"నోరు మూసుకోని ఉంటే ఏం పోయేది? ఆరిపోయిందని చెప్తా ఉండానా లేదా?"

"సాయంత్రం చెయ్యి పెట్టి చూడదా ఆ పిల్ల?"

ఆమెకు చెప్పడానికి ఏదో దొరికేది. ఈలోపల చూపు దుప్పటి మీదకు పోయింది, దుప్పటి ఖాళీగా ఉంది. ప్రణవ్ అప్పుడే హాలు సగం దాటాడు. మోకాళ్ళ కింద రెండు రోజుల గీతలు తుడుచుకుపోయాయి.

"ఏమయ్యా, నీ సుద్ద! నోట్లో పెట్టుకున్నాడు చూడు, పట్టుకో వాణ్ణి!"

తిమ్మరాయప్ప బెంచీ అక్కడే దించి పరుగెత్తాడు.